పచ్చి కసువు కడుపునిండా వేస్తా ఉన్నా పాలు, ఎస్ఎన్ఎఫ్ ఎందుకు పెరగడం లేదు?

సోమల_పాడి:
అందరికీ నమస్తే. మాది సోమల దగ్గర పల్లె. ఒకటిన్నర ఎకరా, బోరు కింద కొంచెం తడి, మిగిలిందంతా వానకే. రెండు సీమావులు ఉండాయి, ఒకటి జెర్సీ క్రాసు, ఇంకోటి హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసు. హెచ్ఎఫ్‌ది ఈని మూడు నెలలు కావస్తా ఉంది, పూటకి అయిదు లీటర్ల కాడ ఆగిపోయింది, పాల సెంటర్లో ఎస్ఎన్ఎఫ్ (పాలల్లో నీళ్ళు, వెన్న పోను మిగిలే ప్రొటీన్, చక్కెర, ఖనిజాలు) 8 శాతం దాటలేదని రేటు కోస్తా ఉన్నారు. మేపులో లోటు పెట్టడం లేదు, సూపర్ నేపియర్ పచ్చిగడ్డి రోజుకి 20 కేజీలు, కొన్న వరిగడ్డి ఒక 5 కేజీలు, బస్తా దాణా పూటకి రెండు కేజీలు. పాల డబ్బులో సగం పైన దాణాకే పోతా ఉంది. ఇంకో కేజీ పెంచమని ఒకరు, కాల్షియం టానిక్ తాపమని ఒకరు, ఆవునే మార్చేయమని ఇంకొకరు. తెలిసినోళ్ళు చెప్పండి, దాణా పెంచే శక్తి అయితే లేదు.

చంద్రగిరి_బాబాయ్:
పెంచొద్దు తల్లీ. ముందు రెండు సంగతులు చెప్పు. నేపియర్ ఎంత ఎత్తులో కోస్తా ఉండావు? చేలో శెనక్కాయ వేసి ఉంటే దాని కట్టె, అదే కాయలు కోసినాక మిగిలే ఎండు చెట్టు, ఏం చేసినావు?

సోమల_పాడి:
మనిషెత్తు దాటినాకే కోస్తాము బాబాయ్, ఎక్కువ బరువొస్తుందని. శెనక్కాయ ఎకరా వేసినాము. కట్టె సగం లారీ వాళ్ళకి ఇచ్చేసినాము, మిగతా సగం వామి వేసి ఉండాది, వచ్చే వారం వాళ్ళే వచ్చి ఎత్తుకుంటాము అన్నారు.

చంద్రగిరి_బాబాయ్:
ఆ లారీకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. డబ్బు తీసుకోని ఉంటే మాత్రం మాట్లాడుకోండి, తీసుకోకుంటే ఒక్క కట్ట కూడా ఎత్తనీయకు. కట్టె అమ్మి వరిగడ్డి కొంటా ఉండారు మన ఊళ్ళల్లో అందరూ, నాకు అది చూస్తే కడుపు రగిలిపోతుంది. డాక్టర్ గారు వస్తే లెక్క చెప్తారు, నేను చెప్తే ఎవురూ నమ్మరు.

పశువైద్యం_తిరుపతి:
బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. అమ్మా, ఆవు సరిగ్గా తింటోందా అన్నది తొట్టి నిండిందా లేదా అని చూస్తే తెలియదు. మేతలో నీళ్ళు తీసేస్తే మిగిలేది ఎంత, ఆ మిగిలినదాంట్లో మాంసకృత్తులు ఎన్ని, అరిగేది ఎంత, అవి చూడాలి.

నాలుగొందల కేజీల ఆవు పది లీటర్లు ఇస్తుంటే ఎండు లెక్కన రోజుకి 12 కేజీల చుట్టుపక్కల మేత కావాలి, అందులో ప్రొటీన్ కేజీంపావు దాకా ఉండాలి. ఇప్పుడు మీరు వేస్తున్నది చూద్దాం. నేపియర్ 20 కేజీల్లో 80 శాతం నీళ్ళే, ఎండు పదార్థం 4 కేజీలు. 45 రోజులకి కోస్తే అందులో ప్రొటీన్ 8 నుంచి 10 శాతం ఉంటుంది, అంటే 360 గ్రాములు అనుకోండి. మీలాగ ముదరనిస్తే 5, 6 శాతానికి దిగిపోతుంది, 220 గ్రాములే వస్తుంది. వరిగడ్డిలో 3 నుంచి 4 శాతం, కాబట్టి 5 కేజీలకి 160 గ్రాములు. దాణా 4 కేజీలు, సంచి మీద 20 శాతం అని ఉంటే 800 గ్రాములు. అన్నీ కలిపితే 1180. మేత బరువు సరిపోయింది, కడుపు నిండింది, ప్రొటీన్ మాత్రం కొంచెం తగ్గింది. అంతకంటే పెద్ద లోటు శక్తిలో ఉంది, ముదిరిన కాడ, వరిగడ్డి రెండూ సరిగా అరగవు కాబట్టి. కడుపులో సూక్ష్మజీవులకి నత్రజని, శక్తి రెండూ ఒకేసారి అందితేనే అవి పెరుగుతాయి, పాలల్లో ప్రొటీన్ ఎక్కువ భాగం వాటి నుంచే వస్తుంది. అక్కడ తగ్గితే ఎస్ఎన్ఎఫ్ తగ్గుతుంది.

ఇప్పుడు వరిగడ్డి బదులు అదే 5 కేజీలు శెనక్కాయ కట్టె వేయండి. ఆకు బాగా నిలిచిన కట్టెలో ప్రొటీన్ 8 నుంచి 12 శాతం ఉంటుంది, 9 అనుకున్నా 400 గ్రాములు. అంటే అదనంగా 240 గ్రాములు, మీరు కేజీ దాణాలో కొంటున్న ప్రొటీన్ కంటే ఎక్కువ, పైగా వరిగడ్డి కంటే బాగా అరుగుతుంది. అది మీ చేలో పండింది, మీరు లారీ ఎక్కిస్తున్నారు.

ఒకటి మర్చిపోకండి, ఎస్ఎన్ఎఫ్ పడిపోవడానికి మేత ఒక్కటే కారణం కాదు. పైకి కనపడని పొదుగువాపు ఉన్నా తగ్గుతుంది. నాలుగు చన్నుల పాలకి పొదుగువాపుని పట్టిచ్చే సీఎంటీ పరీక్ష చేయించండి, అది తేలకుండా మేత ఎంత మార్చినా ఫలితం అర్థం కాదు. హెచ్ఎఫ్ రక్తం ఎక్కువున్న వాటికి పుట్టుకతోనే వెన్న, ఎస్ఎన్ఎఫ్ జెర్సీ కంటే తక్కువ.

సోమల_పాడి:
ఇంత లెక్క మాకు ఎవురూ చెప్పలేదు డాక్టర్ గారూ. మా ఆయనకి చదివి వినిపిచ్చినా. లారీ వాళ్ళకి చెప్పేసినాము, అడ్వాన్స్ ఏమీ తీసుకోలేదు కాబట్టి గొడవ లేదు. నేపియర్ ముదిరితే తొట్టిలో కాడలు మిగిల్చేస్తాయి, ఆకు నమిలి కాడ పక్కకి నెట్టేస్తాయి, అది మేమూ చూస్తానే ఉన్నాము.

చంద్రగిరి_బాబాయ్:
ఆవు చెప్పేది అదే. నేపియర్ కాడ చేత్తో విరిచి చూడు, పుటుక్కున నీళ్ళతో విరిగితే కోత సరైన టైము. నార సాగి, లోపల తెల్లగా బెండు మాదిరి కనపడితే ముదిరిపోయినట్టు. మడిని నాలుగు భాగాలు చేసుకో, పదీ పన్నెండు రోజులకి ఒక భాగం కోస్తా పోతే మొదటి భాగం మళ్ళీ 45 రోజులకి అందుకుంటుంది. నేలకి దగ్గరగా కొయ్యాల, ఎత్తు మోడు వదిలితే పిలకలు సన్నబడతాయి. చాఫ్ కట్టర్ లేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, ముక్క కొడితే పారేసేది బాగా తగ్గిపోతుంది.

కట్టె గురించి కూడా చెప్పేస్తా. దాంట్లో బలమంతా ఆకులోనే. పీకినాక ఎండలో ఆరబెట్టి మిట్టమధ్యాహ్నం తిరగేస్తే ఆకు పొడిపొడిగా రాలిపోయి పుల్లలు మిగుల్తాయి. పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడే తిరగేయాల, వామి కూడా పొద్దున పూటే వేసుకోవాల. తిక్క తెగులు తగిలి ఆకు ముందే రాలిపోయిన చేను కట్టె పెద్దగా పనికిరాదు. మన్ను దులపకుండా వేస్తే ఆవు పంటి కింద ఇసుక, పేడలో ఇసుక.

శ్రీకాళహస్తి_వరి:
మా కాడ శెనక్కాయ ఏడుందన్నా, అంతా వరే. హార్వెస్టర్ కోసినాక గడ్డి నలిగి చేలోనే పడి ఉంటుంది, బేలర్ కట్టల రేటు చూస్తే గుండె గుభేలు, కొంతమంది తగలబెట్టేస్తా ఉన్నారు కూడా. వరిగడ్డినే బలంగా చేసే దారి లేదా? యూరియా కలిపి వేయొచ్చు అని విన్నా, కుడితిలో ఎంత కలపాలి?

పశువైద్యం_తిరుపతి:
కుడితిలో యూరియా కలపొద్దు. ఒక్క చెంచా కూడా వద్దు. నీళ్ళల్లో కరిగిన యూరియా ఒక్కసారిగా కడుపులో అమ్మోనియా అయిపోతుంది, కడుపు ఉబ్బి, వణికి, గంటల్లో ప్రాణం పోతుంది. అట్లా పోయిన ఆవుల్ని నేను నా చేతులతో చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నా.

గడ్డిని మాగబెట్టడం వేరే పద్ధతి. 100 కేజీల ఎండు వరిగడ్డికి 4 కేజీల యూరియా, 60 లీటర్ల దాకా నీళ్ళు. యూరియా నీళ్ళల్లో పూర్తిగా కరిగించి, గడ్డి పొర పరిచి రోజ్ క్యాన్‌తో సమంగా చల్లి, బాగా తొక్కి, దాని మీద ఇంకో పొర. చివర్లో టార్పాలిన్ కప్పి అంచుల మీద మట్టి వేసి గాలి దూరకుండా మూయాలి. 21 రోజులకి ఒక పక్క నుంచి తెరవండి, ఘాటు వాసన ముక్కులకి కొడుతుంది, గడ్డి పచ్చబంగారు రంగుకి తిరిగి మెత్తబడి ఉంటుంది. కావాల్సినంత తీసి కొన్ని గంటలు ఆరబెట్టి వాసన పోయాక వేయాలి, మిగిలింది మళ్ళీ మూసేయాలి. 3, 4 శాతం ఉన్న ప్రొటీన్ 7, 8 దాకా వస్తుంది, బాగా అరుగుతుంది, ఆవు ఎక్కువ తింటుంది కూడా. ఆరు నెలల లోపు దూడలకి పెట్టొద్దు. తడిసి బూజు పట్టిన గడ్డికి ఇది చేసినా లాభం లేదు.

శ్రీకాళహస్తి_వరి:
అర్థమైంది సార్, కుడితి మాట మళ్ళీ ఎత్తను. ఈసారి కోతలు కాగానే ఒక వామి అట్లా వేస్తాం.

రేణిగుంట_అజొల్లా:
ఇంత కష్టం ఎందుకు అన్నా, అజొల్లా పెంచుకోండి. టార్పాలిన్ తొట్టి, కొంచెం పేడ, సూపర్ ఫాస్ఫేటు, అంతే. ప్రొటీన్ 25 శాతం, రోజుకి రెండు కేజీలు వేస్తే దాణా సగానికి సగం తగ్గించేయొచ్చు అని వీడియోల్లో చెప్తున్నారు, నేను రెండు తొట్లు వేసినా.

పశువైద్యం_తిరుపతి:
అజొల్లా మంచిదే, కానీ ఆ 25 శాతం ఎండబెట్టిన దాని లెక్క. పచ్చి అజొల్లాలో 94 శాతం దాకా నీళ్ళు. రెండు కేజీల్లో ఎండు పదార్థం 120 గ్రాములు, అందులో ప్రొటీన్ 30 గ్రాములు. మీ బస్తా దాణాలో అది 150 గ్రాములకే వస్తుంది. రెండు కేజీల అజొల్లా వేసి రెండు కేజీల దాణా మానేస్తే ఆవు పది రోజుల్లో ఎండిపోతుంది. కోళ్ళకి, మేకలకి, దూడలకి చిన్న ఆసరాగా వేసుకోండి, ఖనిజాలు కొన్ని అందుతాయి.

రేణిగుంట_అజొల్లా:
నీళ్ళ శాతం సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు సార్. నాకు కోళ్ళు కూడా ఉండాయి, బాగానే తింటా ఉండాయి, కాబట్టి తొట్లు తీసేయను.

కుప్పం_పట్టు:
మా కాడ మల్బరీ తోటలు ఎక్కువ. పట్టుపురుగులు తిని వదిలేసిన కొమ్మలు, ఆకు ముక్కలు రోజూ గంపలు గంపలు వస్తాయి, చాలామంది దిబ్బలో పోసేస్తారు. మేము ఆవులకే వేస్తాము, పాలు ఎక్కువ వస్తాయి అనేది మా అమ్మ మాట. లేత కొమ్మలు అయితే ఒక్కటి మిగల్చవు. వేయొచ్చునా డాక్టర్ గారూ?

పశువైద్యం_తిరుపతి:
మల్బరీ ఆకులో ప్రొటీన్ ఎండు లెక్కన 18 నుంచి 22 శాతం దాకా ఉంటుంది, లూసర్న్ పచ్చిమేతతో సమానం. మీ అమ్మగారి మాట సరైనదే. ఒకటే జాగ్రత్త, పురుగుల మీద, పడకల మీద సున్నం, ఫార్మలిన్, ఇంకేదైనా మందు చల్లి ఉంటే ఆ మిగులు పశువుకి వేయొద్దు. చనిపోయిన, తెగులు తగిలిన పురుగులు ఉన్న మిగులు కూడా వద్దు. తోటలో కత్తిరింపులప్పుడు వచ్చే కొమ్మలు ఏ భయం లేకుండా వేయొచ్చు, మందు కొట్టి ఉంటే మాత్రం ఆగాలి.

బంగారుపాళ్యం_మామిడి:
మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల కాడ తొక్క, టెంకలు ట్రాక్టర్లకి ట్రాక్టర్లు బయట పోస్తారు, మా ఊర్లో తెచ్చుకోని గొడ్లకి వేస్తా ఉన్నారు. ఒకాయన ఆవు కడుపుబ్బి కింద పడిపోయింది. కొందరేమో అది వేస్తే పాలు బాగా వస్తాయి అంటారు, ఏది నమ్మాల?

పశువైద్యం_తిరుపతి:
రెండూ నిజమే, వేసిన తీరు మీద ఉంటుంది. తోతాపురి తొక్కలో చక్కెర ఎక్కువ, ప్రొటీన్ తక్కువ. ఒక్కసారిగా గంపెడు తిన్న ఆవు కడుపులో ఆమ్లం పెరిగి మేత మానేస్తుంది, పేడ పలుచబడుతుంది, పడిపోతుంది కూడా. పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం పెట్టినా, రేటు లేక పారబోసిన టమోటాలు విడిచిపెట్టినా జరిగేది ఇదే. తొక్క తాజాది అయి ఉండాలి, రెండో రోజుకే పులిసి ఈగలు ముసురుతాయి, అది వద్దు. మొదట రెండు గుప్పిళ్ళతో మొదలుపెట్టి, ఎండుగడ్డి తిన్న తర్వాతే, నెమ్మదిగా పెంచండి. ఎక్కువ దొరికే చోట ముక్కలు కొట్టిన వరిగడ్డి కలిపి గాలి తగలకుండా పాతర వేసుకుంటే నెలల తరబడి నిలుస్తుంది, గడ్డి తొక్క నీళ్ళని పీల్చుకుంటుంది. టెంకలు గొంతుకి అడ్డం పడతాయి, ఏరేయండి.

పీలేరు_గొర్రెలు:
అందరూ ఆవుల గురించే మాట్లాడతా ఉన్నారు, మా మందని కూడా కొంచెం పట్టించుకోండి. ఎండాకాలం బీళ్ళల్లో ఏమీ ఉండదు, తుమ్మకాయలు, చింతాకు, రాలిన ఆకులే దిక్కు. పోయినేడు తొలకరికి జొన్న కోసిన చేలో మోళ్ళు మళ్ళీ చిగురిస్తే మంద తోలినారు మా పక్క ఊరోళ్ళు, గంటలో పదికి పైగా జీవాలు పోయినాయి, నాము అన్నారు. ఎందుకట్లా అయితుంది సార్?

పశువైద్యం_తిరుపతి:
జొన్న లేత పిలకల్లో, నీరు లేక వాడి గిడసబారిన మొక్కల్లో సైనైడ్ తయారవుతుంది. నాము అంటే అదే. ఊపిరి ఆడక ఎగశ్వాస పడి, కళ్ళ పొరలు ఎర్రగా మారి నిమిషాల్లో చనిపోతాయి. పూత దశ దాటిన జొన్నలో ప్రమాదం చాలా తక్కువ, కోసి బాగా ఎండబెట్టిన చొప్పలో ఇంకా తక్కువ. వాన పడిన కొత్తలో మోళ్ళ మీద మంద తోలకండి. లక్షణం కనిపిస్తే హైపో (సోడియం థయోసల్ఫేట్) తాపించి, వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, సూది మందు వేళకి పడితే బతుకుతాయి.

మీ మందకి చెట్ల మేత మీద దృష్టి పెట్టండి. గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ పెట్టుకుంటే ఎండాకాలానికి ప్రొటీన్ చెట్టు మీద నిల్వ ఉన్నట్టే. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటనీయొద్దు, దాంట్లో మైమోసిన్ ఉంటుంది, ఎక్కువ రోజులు అదే తింటే వెంట్రుకలు రాలతాయి. తొలకరి పచ్చికకి ముందే చిటుక రోగం టీకా వేయించండి.

చంద్రగిరి_బాబాయ్:
నూనె ఆడినాక మిగిలే చెక్క గురించి ఎవురూ ఎత్తలేదు, అది చాలా ముఖ్యం. మా వైపు కొందరు రేటు తక్కువని నల్లబడిన శెనక్కాయ చెక్క కొంటా ఉన్నారు. చెక్క ముక్క విరిచి చూడండి, లోపల పచ్చగానో బూడిద రంగుగానో బూజు దారాలు కనపడినా, ముక్కు కాడ పెట్టుకుంటే మట్టివాసన వచ్చినా, అది తీసుకోవద్దు. ఎండబెట్టి వేస్తాంలే అంటారు, ఎండబెడితే విషం పోతుందా?

పశువైద్యం_తిరుపతి:
పోదు. శెనక్కాయ మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. అది ఆవు కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కొంత భాగం పాలల్లోకి దిగుతుంది, పాలు కాచినా పోదు. మనం అమ్మే పాలు తాగేది చిన్నపిల్లలు. పశుదాణా ప్రమాణం ఐఎస్ 2052. టైప్ 1 దాణాలో ప్రొటీన్ కనీసం 22 శాతం, టైప్ 2లో 20 శాతం ఉండాలి, తేమ 11 శాతం మించకూడదు. సంచి కొనేటప్పుడు రంగు బొమ్మ కాదు, కుట్టు దగ్గర ఉండే చీటీ చదవండి. దాణా, చెక్క, తవుడు ఏదైనా నేల మీద కాకుండా కొయ్య పలకల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి. తవుడులో ఊక పొడి కలిపారని అనుమానం వస్తే గ్లాసు నీళ్ళల్లో వేయండి, ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుగుకి పోతుంది.

సోమల_పాడి:
ఇంట్లోనే దాణా కలుపుకుంటే ఖర్చు తగ్గుతుందా? మాకు మొక్కజొన్న చుట్టుపక్కల దొరుకుతుంది.

పశువైద్యం_తిరుపతి:
100 కేజీలకి మొక్కజొన్న నూక 35, మంచి శెనక్కాయ చెక్క 20, పత్తి గింజల చెక్క 12, తవుడు 30, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. ప్రొటీన్ 18 శాతం చుట్టుపక్కల వస్తుంది, కట్టె, లేత నేపియర్ వేసే మీ ఆవుకి అది చాలు. నూనె తీయని తవుడు ఎక్కువ రోజులు నిల్వ ఉంచితే ముక్కవాసన వస్తుంది, ఒక నెలకి సరిపడానే కలుపుకోండి. ఆ నెల రేట్లు పెట్టి లెక్క వేసుకోండి, చెక్క రేటు బాగా పెరిగిన నెలలో బస్తా దాణానే చవక కావచ్చు.

ఇప్పుడు వరుసగా చెయ్యాల్సింది ఇది. మొదటి వారం వరిగడ్డి కొంచెం కొంచెం తగ్గించి కట్టె పెంచండి, ఒక్కరోజులో మార్చొద్దు. దాణా అప్పుడే తగ్గించకండి. నేపియర్ లేత కోతకి వచ్చి, పాలు, ఎస్ఎన్ఎఫ్ రెండు వారాలు నిలకడగా ఉన్నాక అర కేజీ తగ్గించి చూడండి, పాలు పడకపోతే ఇంకో అర. టానిక్ కొనే డబ్బుతో ఖనిజ మిశ్రమం కొని రోజుకి 50 గ్రాములు దాణాలో కలపండి, వరిగడ్డి, నేపియర్, చెరకు ఆకు మూడింట్లోనూ ఆక్సలేట్లు ఉంటాయి, కాల్షియంని పట్టేసుకుంటాయి. తొట్టిలో నీళ్ళు రాత్రిపూట కూడా ఉండాలి. పది లీటర్ల ఆవు ఎండాకాలం 70, 80 లీటర్లు తాగుతుంది, దాహంతో ఉన్న ఆవు మేత కూడా తగ్గించేస్తుంది.

కుప్పం_పట్టు:
అక్కా, కట్టె ఎన్నాళ్ళొస్తుందో చూసుకో. రెండు ఆవులకి రోజుకి పది కేజీలు అంటే నెలకి మూడొందలు. మీ వామి ఎండాకాలం దాకా రాకపోవచ్చు.

సోమల_పాడి:
అదే మా ఆయన కూడా అన్నాడు. వామి చూస్తే మూడు నెలలు వస్తుందేమో, అందుకే పాలిచ్చే హెచ్ఎఫ్‌కే కట్టె ఎక్కువ వేసి, జెర్సీది వట్టిపోతా ఉంది కాబట్టి దానికి వరిగడ్డి కలిపి వేద్దాము అనుకుంటా ఉన్నాం. పొదుగు పరీక్ష కూడా చేయించినాము, నాలుగు చన్నులూ బాగున్నాయని చెప్పినారు. బోరు కింద నేపియర్ వరసల మధ్య అలసంద వేయొచ్చా? విత్తనం ఎంత, ఎప్పుడు కోయాలి?

చంద్రగిరి_బాబాయ్:
వట్టిపోయే దానికి వరిగడ్డి వేసుకో, సరిపోతుంది. చూడి ఏడో నెల దాటినాక మాత్రం దానికీ దాణా, మంచి మేత మొదలుపెట్టు, లేదంటే ఈనినాక లేవదు.

అలసంద బాగా వస్తుంది. విడిగా వేస్తే ఎకరాకి 15 కేజీల విత్తనం, వరసల మధ్య అయితే దాంట్లో సగం చాలు. నేపియర్ కోసిన మర్నాడే చల్లు, అప్పుడే దానికి ఎండ తగుల్తుంది. 50, 55 రోజులకి పూత మీద ఉన్నప్పుడు కొయ్యి, కాయ పట్టేదాకా ఆగొద్దు. కోసిన వెంటనే పచ్చిగా గంపెడు వేయకు, కడుపుబ్బుతుంది, కొంచెం వాడనిచ్చి నేపియర్ ముక్కల్లో కలిపి వెయ్యి. పేను పట్టిందని మందు కొడితే ఆ డబ్బా మీద రాసిన రోజులు గడిచేదాకా కోయొద్దు.

సోమల_పాడి:
సరే బాబాయ్. రేపు రెండో మడి కోస్తాము, అదే రోజు సాయంత్రం విత్తనం తెచ్చుకుంటాము.